కయాక్‌లో ముందు సీటు

సముద్రంలో కయాక్ ఎక్కి డాల్ఫిన్లను చూసొచ్చానని తెలిసినప్పటి నుంచీ మా స్కూల్లో తోటి టీచర్లు ఒక్కొక్కరే వచ్చి వివరాలు అడుగుతున్నారు. భయం వేయలేదా అంటారు. వేసింది. ఈత వచ్చా అంటారు. రాదు. ఈ వయసులో ఇదంతా ఎందుకమ్మా అని మా హెడ్మాస్టరు కూడా ఓ మాట అన్నారు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు ఉంది కానీ ఆయనకు చెప్పలేదు. నేను డాల్ఫిన్ల కోసం వెళ్ళలేదు. మా ఆయన చేత రక్తపరీక్ష చేయించడానికి వెళ్ళాను.

ఉంటున్నది పలాసలోనే అయినా మాది ఉద్దానం. వజ్రపుకొత్తూరు వైపు ఊళ్ళో మా ఆయనకు కొబ్బరి, జీడి తోటలున్నాయి. ఆ ఊళ్ళో సంతకం పెట్టడం రాని ముసలమ్మ కూడా క్రియాటినిన్ అనే మాటను తడుముకోకుండా అంటుంది. పెళ్ళిళ్ళలో కలిసిన చుట్టాలు పక్కకు పిలిచి "ఎంత?" అని అడిగితే ఆ అడిగేది జీతం గురించి కాదు, రక్తంలో ఆ లెక్క గురించి. మా వైపు కిడ్నీ జబ్బు రాని ఇల్లు ఏదో చెప్పమంటే కాసేపు ఆలోచించాలి.

మా ఆయన నాకు మేనత్త కొడుకు. చిన్నప్పుడు బావా అని పిలిచాను, ఇప్పుడూ అంతే. మా మేనత్తను ఆ జబ్బే తీసుకుపోయింది. బావ అన్నయ్య డయాలసిస్ మీద బతుకుతున్నాడు. ఇన్ని చూసిన మనిషి తను మాత్రం పరీక్ష చేయించుకోనంటాడు. ఊళ్ళోకి పరీక్షల బండి వస్తోందని తెలిస్తే చాలు, ఆ రోజు తోటలో ఎక్కడలేని పని పుట్టుకొస్తుంది. "సూసుకుంటేనే కదే ఉన్నట్టు, సూసుకోకపోతే ఏటీ నేదు" అనేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది.

మేనత్త సంగతి ఒకటి ఇక్కడే చెప్పాలి. చిన్నప్పుడు వేసవి సెలవులకు టెక్కలి నుంచి వాళ్ళింటికి వెళ్ళేదాన్ని. మా వైపు గడప తొక్కిన మనిషికి బొండం కొట్టి ఇవ్వకుండా పంపరు. అత్త వెంట ఎవరింటికి వెళ్ళినా ఇద్దరికీ చెరొకటి ఇచ్చేవారు. అత్త తన బొండం చేతిలో పట్టుకుని కబుర్లు చెప్పి, ఎవరూ చూడనప్పుడు నా ఒళ్ళో పెట్టేది. "నువ్వు తాగీ, నాకు జలుబు సేసింది" అనేది. ఆ ఎండాకాలమంతా అత్తకు జలుబే. రెండేసి బొండాలు దొరుకుతున్నాయని నాకు సంబరం. కిడ్నీ చెడినవాళ్ళకు డాక్టర్లు ముందు మాన్పించేది కొబ్బరినీళ్ళేనని, అందుకే ఉద్దానంలో బొండం వద్దన్న మనిషిని ఎందుకని ఎవరూ అడగరని, అడక్కుండానే జబ్బని పోల్చుకుంటారని, అందరికీ తెలిసిపోకుండా ఉండాలనే అత్త వద్దనకుండా పుచ్చుకునేదని నాకు చాలా ఏళ్ళకు గానీ తెలియలేదు.

అందుకేనేమో, పెళ్ళయిన దగ్గర్నుంచీ నాకు స్థిమితం లేదు. పొద్దున్న లేవగానే బావ మొహం చూస్తాను. కళ్ళ కింద ఉబ్బిందా, మొహం పాలిపోయిందా. కాళ్ళు చాపుకుని పేపరు చదువుతుంటే వెళ్ళి చీలమండ దగ్గర వేలితో నొక్కి, గుంట పడి అలాగే ఉంటుందేమోనని చూస్తాను. కాలు లాక్కుంటాడు. అన్నం ఎంత తింటున్నాడో చూస్తాను. కొన్నాళ్ళుగా ఆవకాయ జాడీ వైపు చెయ్యి పెట్టడం లేదు, ఉప్పుచేప వండితే పక్కకు నెట్టేస్తున్నాడు. నా వంటకు వంకలు పెడుతున్నాడని దానిమీద ఒకరోజు పెద్ద గొడవ చేశాను కూడా.

ఆ గొడవ జరిగిన వారంలోనే ఫోన్లో వీడియో ఒకటి చూపించాడు. బారువ దగ్గర సముద్రంలో చిన్న చిన్న పడవల మీద మనుషులు, వాళ్ళకు కాస్త దూరంలో నీళ్ళలోంచి లేస్తున్న డాల్ఫిన్లు. పడవ నడపడం నేర్పి వాళ్ళే తీసుకెళ్తారట. నేను చూసి, బాగుంది అని ఫోన్ ఇచ్చేశాను.

"ఎల్దాం" అన్నాడు.

"నాకు మోకాలిలోతు నీళ్ళంటేనే భయం. నీకు తెలుసు కదా బావా."

"తెలుసు. నువ్వు నాతో ఆ పడవెక్కు. ఒడ్డుకొచ్చీసినాక నాను రక్తమిత్తాను."

ఆ మాట కోసం ఎన్నేళ్ళుగా ఎదురుచూశానో నాకే తెలుసు. ఆ ఆదివారమే వెళ్దామన్నాను.

చలి ఇంకా పోలేదు. ఇంకా చీకటి ఉండగానే స్కూటీ మీద బయల్దేరాం, బావ నడిపాడు. దారి పొడవునా జీడిపూత వాసన. కొత్తవాళ్ళు తెలుసుకోవలసిన మొదటి సంగతి ఇదే, పొద్దున్నే వెళ్ళాలి. ఎండెక్కిన కొద్దీ గాలి లేస్తుంది, గాలి లేస్తే నీళ్ళు కుదురుగా ఉండవు, అప్పుడు డాల్ఫిన్ లేచినా కెరటమే అనుకుంటాం. ఖాళీ కడుపుతో వెళ్ళకూడదన్నది రెండోది. ఇది నాకెవరూ చెప్పలేదు. చెప్పినా ఆ కంగారులో ముద్ద దిగేది కాదు. బావ మాత్రం శుభ్రంగా ఇడ్లీలు తిని బయల్దేరాడు.

మాకు నేర్పిన మనిషిది బారువే. నలభై దాటి ఉంటాయి. గోవాలో టూరిస్టుల పడవల మీద పనిచేసి వచ్చాడట, మూడు మాటలకో ఇంగ్లీషు మాట పడుతుంది. సూర్యుడు ఇంకా రాకముందే నల్లకళ్ళద్దాలు పెట్టుకున్నాడు. తనను కెప్టెన్ అని పిలవమన్నాడు. నాకు నవ్వొచ్చింది గానీ, ప్రాణాలు అతని చేతిలో పెడుతున్నాం కదా అని అలాగే పిలిచాను. మాతోపాటు ఇచ్ఛాపురం నుంచి బట్టల కొట్టు పెట్టుకున్న భార్యాభర్తలు వచ్చారు. మాతో తెలుగులో మాట్లాడేవాళ్ళు, భయం వేసినప్పుడల్లా ఒడియాలోకి వెళ్ళిపోయేవాళ్ళు. వాళ్ళ భయం ఎప్పుడు మొదలైందో మాకు అలా తెలిసేది.

కెప్టెన్ ముందుగా నా చున్నీ తీయించాడు. "తెడ్డుకి సుట్టుకుంటాదమ్మా, డేంజరు" అన్నాడు. కళ్ళజోడుకు దారం కట్టించాడు. లైఫ్ జాకెట్ తొడిగి, దాని భుజాలు పట్టుకుని పైకి లాగి చూశాడు. అలా లాగినప్పుడు జాకెట్ చెవుల దాకా వచ్చేస్తే వదులుగా ఉన్నట్టు, నీళ్ళలో పడితే మనిషి కిందకీ జాకెట్ పైకీ పోతాయి. ఊపిరాడడం లేదని నేను వదులు చేయబోతే మళ్ళీ బిగించాడు. జీన్స్ వేసుకొచ్చిన ఇచ్ఛాపురం ఆవిడను చూసి తల పట్టుకున్నాడు. తడిస్తే అది ఎంత బరువెక్కుతుందో తర్వాత ఆవిడే చెప్పింది.

కయాక్ అంటే పొడుగ్గా, సన్నగా ఉండే ప్లాస్టిక్ పడవ. లోపల కూర్చోవడం ఉండదు, పైనే కూర్చోవాలి. ఇద్దరికి ఒకటి, ఒకరి వెనక ఒకరు. తెడ్డుకు రెండు వైపులా రెక్కలుంటాయి.

"బరువున్నోలు ఎనక, తేలికున్నోలు ముందర" అన్నాడు కెప్టెన్. మా ఇద్దరిలో బరువు ఎవరో గుడ్డివాడికైనా తెలుస్తుంది. నేను వెనక సీటు వైపు నడిచాను. అతను బావ వైపు ఒకసారి చూసి, "మీరు ముందరమ్మా" అన్నాడు. నన్ను పొగిడాడనుకుని కాస్త సంతోషించాను, కానీ వెంటనే గుబులు పుట్టింది. ముందు కూర్చుంటే బావ కనిపించడు. వెనకే కూర్చుంటానని వాదించాను. టీచర్ని, వాదనలో తొందరగా ఓడిపోను. కెప్టెన్ తన కళ్ళద్దాలు సర్దుకున్నాడే గానీ వినలేదు.

ముందుగా మహేంద్రతనయ నది సముద్రంలో కలిసేచోట, నిలకడగా ఉన్న నీళ్ళలో నేర్పాడు. నడుం నిటారుగా ఉండాలి, మోకాళ్ళు కొద్దిగా మడవాలి. తెడ్డును చేతులతో లాగితే భుజాలు పడిపోతాయి, నడుమును తిప్పుతూ లాగాలి. ముందున్నవాళ్ళు ఏ జోరులో వేస్తే వెనకున్నవాళ్ళు అదే జోరులో వేయాలి, లేకపోతే రెండు తెడ్లూ కొట్టుకుంటాయి. నా జోరు చూసి అతను పడవ ఆపించేశాడు. "బస్సు ఎలిపోతన్నాదేటమ్మా? నిమ్మళంగా ఏయండి" అన్నాడు. వెనక బావ నవ్వుతున్నాడు.

చివర్లో మరీ మరీ చెప్పింది మెడ గురించి. "ఎనక్కి తిరగొద్దు. ఏటన్నా కావాలంటే నోటితో అడగండి. కూకున్న మనిషి ఎనక్కి తిరిగితే పడవ కూడా తిరిగిపోద్ది."

తల ఊపాను. అప్పటికే నాలుగుసార్లు తిరిగి చూశాను, నదిలో కాబట్టి సరిపోయింది.

అక్కణ్ణుంచి సముద్రపు ఒడ్డుకు. కెరటాలు దాటేచోట కొత్తవాళ్ళు ఎక్కువగా దెబ్బ తినేది పడవకూ ఒడ్డుకూ మధ్య నిలబడినప్పుడు. కెరటం వచ్చి పడవను మోకాళ్ళ మీదికి తోస్తుంది. పడవ మూతి కెరటానికి ఎదురుగా ఉండాలి, అడ్డంగా దొరికామా పల్టీయే. పెద్ద కెరటాలు వరసగా వచ్చి కాసేపు తగ్గుతాయి, ఆ తగ్గినప్పుడు పోవాలి. ఆగడం నావల్ల కాలేదు. ఇప్పుడా, ఇప్పుడా అని ప్రతి కెరటానికీ అడిగాను. కెప్టెన్ సమాధానం చెప్పడం మానేశాడు. అంతలోనే ఒక్కసారిగా "లాగండి" అని అరిచి పడవను తోశాడు. కెరటం నా మొహం మీద పగిలింది. నోట్లోకీ ముక్కులోకీ ఉప్పునీళ్ళు. పక్క పడవలో ఒడియా మొదలైంది. తెడ్డు ఎలా వేశానో తెలియదు, కళ్ళు తెరిచేసరికి కెరటాలు వెనకబడిపోయాయి.

అక్కడి నుంచి నీళ్ళు పగలవు, ఊరికే లేచి దిగుతుంటాయి. ఎదురుగా సూర్యుడు. మోకాళ్ళ వైపు చూస్తే కడుపులో తిప్పడం మొదలైంది. దూరంగా నీళ్ళూ ఆకాశం కలిసే గీత వైపు చూడమన్నాడు, తన పడవలో మా పక్కనే వస్తున్న కెప్టెన్. చూస్తే నిజంగానే తగ్గింది. వెనక తీరమంతా కొబ్బరితోటలు, వాటి వెనక మహేంద్రగిరి కనిపిస్తోందని బావ చెబుతున్నాడు. నాకు కనిపించేది సూర్యుడొక్కడే.

"అలిసిపోయావా బావా?" అని అడిగాను.

"నేదు."

కాసేపాగి మళ్ళీ అడిగాను. మళ్ళీ నేదన్నాడు. మూడోసారి అడిగితే, "నీ ముందర సముద్రమంత సముద్రమున్నాది, అది సూడు" అన్నాడు.

కెప్టెన్ ఒకచోట తెడ్డు ఒళ్ళో పెట్టుకుని, మమ్మల్నీ ఆపమన్నాడు. కాస్త దూరంలో పక్షులు గుంపుగా నీళ్ళ మీదికి దూకుతున్నాయి. కింద చిన్నచేపల గుంపు ఉంటుందట, వాటి కోసం డాల్ఫిన్లు వస్తాయట. వాటి వెంట పడకూడదు. దారికి అడ్డం పోకూడదు. తినడానికేమీ వేయకూడదు. నాలుగైదు కొబ్బరిచెట్లు పడుకోబెట్టినంత దూరంలో ఉండి, మాట్లాడకుండా కూర్చోవాలి. "మనం ఎలితే అవి ఎలిపోతాయి. కూకుంటే వత్తాయి. రాకపోయినా కూకోవాల" అన్నాడు.

కూర్చోవడం. నాకు చేతకానిది అదొక్కటే. క్లాసులో కుర్చీ ఉన్నా పాఠమంతా తిరుగుతూనే చెబుతాను. ఇంట్లో టీవీ కూడా నిలబడే చూస్తాను. డాల్ఫిన్లు వస్తే చూసేసి ఒడ్డుకు పోవాలి, ఒడ్డుకు పోతే రేపటికి పరీక్ష, అదీ నా లెక్క. ఎవరికీ తెలియకుండా తెడ్డు ఒక పక్క ముంచి కొద్దిగా లాగాను. ఇంకాస్త. కెప్టెన్ ఈల వేశాడు. ఆపేశాను. పక్షులు అటు పోయాయి. ఏమీ రాలేదు. నీళ్ళు పడవ కింద తపతపమని కొట్టుకోవడం తప్ప ఇంకే చప్పుడూ లేదు.

అప్పుడు గమనించాను, వెనక నుంచి కూడా ఏ చప్పుడూ లేదు. బావ దగ్గడం లేదు, కదలడం లేదు.

"బావా" అన్నాను. పలకలేదు. "బావా, ఏటయ్యింది?" పలకలేదు.

ఆ క్షణంలో నా బుర్రలోకి రానిది లేదు. బావ అన్నయ్య మొదటిసారి కళ్ళు తిరిగి పడిపోయింది తోటలో, ఇలాగే, ఏ చప్పుడూ లేకుండా. కెప్టెన్ చెప్పినవన్నీ మరిచిపోయి నిండుగా వెనక్కి తిరిగాను. బావ రెండు వేళ్ళు పెదవుల మీద పెట్టుకుని, కళ్ళు పెద్దవి చేసుకుని ఎడమ పక్కకు చూస్తున్నాడు. అది చూశాను, ఆ తర్వాత ఆకాశం చూశాను, ఆ తర్వాత అంతా ఆకుపచ్చగా అయిపోయింది.

పడవ బోల్తాపడితే ఏం చేయాలో అందరికీ చెబుతున్నాను. జాకెట్ తేలుస్తుంది, కంగారు పడకూడదు. పడవను వదలకూడదు. తెడ్డును వదలకూడదు. ఈదుకుంటూ ఎక్కడికీ పోకూడదు. నేను పడవనూ వదిలేశాను, తెడ్డునూ వదిలేశాను. బావ జాకెట్ రెండు చేతులతో పట్టుకుని, దగ్గుతూ, ఆయన మొహంలోకి చూస్తున్నాను. పెదాలు నీలంగా ఉన్నాయా, ఊపిరి అందుతోందా.

బావ ఒక చేత్తో పడవ పట్టుకుని ఉన్నాడు. "నా మొహంలో ఏటున్నాదే? అటు సూడు" అన్నాడు.

అటు చూశాను. ముందు ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది, ఎవరో మనిషి నిట్టూర్చినట్టు. తర్వాత బూడిదరంగు వీపు ఒకటి నీళ్ళ మీదికి వచ్చి, వంగి, లోపలికి పోయింది. దాని పక్కనే చిన్నది ఇంకొకటి, పిల్ల. దానికి ఇంకా వంగడం సరిగ్గా రాలేదు, తపుక్కున పడింది. మళ్ళీ లేచాయి. మా వైపు రాలేదు, మమ్మల్ని చూసి పారిపోలేదు. వాటి దారిన అవి పోయాయి. నీళ్ళలో మెడ దాకా ఉన్నాను, కాళ్ళ కింద నేల లేదు, అయినా ఆ కాసేపూ నాకు భయం తెలియలేదు. బావ గురించి కూడా ఆలోచించలేదు. అంత సంతోషం నాకు అంతకుముందు ఎప్పుడు కలిగిందో గుర్తులేదు.

కెప్టెన్ వచ్చి తిట్టాడు, ఇంగ్లీషు లేకుండా. పడవను తిరగేసి, నన్ను పొట్ట మీద పడుకుని పైకి పాకమన్నాడు. నాలుగోసారికి ఎక్కగలిగాను. ఆ నాలుగుసార్లూ ఏ భంగిమల్లో ఉన్నానో ఇచ్ఛాపురం దంపతులు చూశారు కానీ మర్యాదస్తులు, తర్వాత ఆ మాట ఎత్తలేదు.

ఒడ్డున కెప్టెన్ వాళ్ళమ్మ బొండాలు కొడుతోంది. వచ్చినవాళ్ళందరికీ తలా ఒకటి ఇస్తుందట. "ఉప్పునీల్లు మింగీసినారు, ముందు తాగండమ్మా" అని నా చేతిలో ఒకటి, బావ చేతిలో ఒకటి పెట్టింది. నాది ఒక్క గుక్కలో సగం అయిపోయింది.

"మాట గుర్తుంది కదా. రేపు పొద్దున్నే" అన్నాను.

"గుర్తున్నాది" అన్నాడు. బొండం రెండు చేతులతో పట్టుకుని ఇసకలో కూర్చుని, సముద్రం వైపు చూస్తున్నాడు. స్ట్రా నోటిదాకా వెళ్ళింది, బుగ్గలు కదల్లేదు. ఇచ్ఛాపురం ఆయన తీసిన ఫోటోలు చూడటానికి కెప్టెన్ అటు తిరిగాడు. అప్పుడు బావ తన బొండం తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు.

"నువ్వు తాగీ. నాకు జలుబు సేసింది."

బొండం నిండుగా ఉంది. నేను దాన్నే చూస్తూ ఉండిపోయాను. ఏళ్ళ తరబడి నేను వెంటపడుతున్న ఆ పరీక్ష ఎప్పుడో అయిపోయింది. ఆవకాయ, ఉప్పుచేప, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి.

"ఏటి బాబూ, నువ్వు తాగలేదేటి?" అంది కెప్టెన్ వాళ్ళమ్మ. అందరూ మా వైపు తిరిగారు.

"నాకే దాహం తీరలేదమ్మా. ఆయనది కూడా నేనే లాక్కున్నాను" అన్నాను. వాళ్ళు చూస్తుండగానే తాగాను. అడుగున గురగురమని చప్పుడు వచ్చేదాకా తాగి, రెండు ఖాళీ బొండాలూ తీసుకెళ్ళి కుప్పలో పడేశాను.

స్కూటీ దగ్గరికి వచ్చాక అడిగాను. "ఎప్పుడు?"

"దీపావళి ఎల్లినాక."

"ఎంత?"

చెప్పాడు. ఆ లెక్క ఇక్కడ రాయను. మందులూ పథ్యమూ సరిగ్గా ఉంటే చాలాకాలం నెట్టుకురావచ్చని డాక్టరు అన్నాడట. ఆ మాటను బావ రెండుసార్లు చెప్పాడు.

"మరి రక్తమిస్తానని నాతో ఆ బేరం ఏటి బావా?"

"ఇత్తాను కదా. నెలనెలా ఇయ్యాల. రేపే ఎల్లాల, నువ్వు కూడా రా."

"అప్పుడే చెప్పొచ్చు కదా."

"సెప్తే ఏటవుద్ది? ఇప్పుడు పొద్దున్నొకసారి సూత్తన్నావు, అప్పుడు పొద్దల్లా సూత్తావు." తడిసిన చొక్కా పిండుకున్నాడు. "నిన్ను ముందర కూకోబెట్టమని ఆడికి నానే సెప్పినాను. ఒక్క పూటన్నా నా మొహం కాకుండా ఇంకేటన్నా సూత్తావనుకున్నాను. నువ్వు పడవే తిరగేసీసినావు."

ఇద్దరం నవ్వాం. నేను నవ్వుతూనే ఏడ్చాను, సముద్రపు నీళ్ళతో తడిసిన మొహం కాబట్టి వేరేగా తుడుచుకోనక్కర్లేదు.

తిరుగుదారిలో బండి నేను నడిపాను. బావ వెనక కూర్చున్నాడు. బయల్దేరబోతూ చూస్తే పక్క అద్దంలో ఆయన మొహం సరిగ్గా పట్టి ఉంది, కళ్ళ కింద గీతలతో సహా. అద్దాన్ని తిప్పి, రోడ్డు కనిపించేలా పెట్టుకున్నాను. పలాస చేరేలోగా నా చెయ్యి ఆ అద్దం మీదికి ఎన్నిసార్లు వెళ్ళిందో, అన్నిసార్లూ వెనక్కి తీసుకున్నాను.